తపస్సుకాలం: విభూది బుధవారం నుంచి పాస్కా జాగరణ దాకా నా అనుభవంలో నిలబడిన పద్ధతి

ఈస్టర్‌కు ముందు మనం పాటించే తపస్సుకాలాన్ని (లెంట్) 40 రోజులు అంటాం. క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెడితే మాత్రం విభూది బుధవారం (యాష్ వెడ్నెస్‌డే) నుంచి పవిత్ర శనివారం, అంటే ఈస్టర్ ముందురోజు దాకా 46 రోజులు తేలతాయి. మధ్యలో వచ్చే 6 ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40. ప్రతి ఆదివారమూ ప్రభువు లేచిన రోజే కాబట్టి ఆ రోజు ఉపవాసం కూడదన్నది తొలి శతాబ్దాల నుంచీ ఉన్న మాట. ఇంకో లెక్క కూడా ఉంది: తపస్సుకాలపు మొదటి ఆదివారం నుంచి పవిత్ర గురువారం దాకా ఆదివారాలతో కలిపి లెక్కపెట్టినా 40 వస్తుంది. పాత రోమా లెక్క అదే. ఉపవాస దినాలే 40 ఉండాలని తర్వాత ముందువైపు 4 రోజులు కలిపారు, అందుకే ఆరంభం బుధవారానికి జరిగింది. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. 2027లో ఫిబ్రవరి 10, మార్చి 28. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలది వేరే లెక్క. వాళ్లు సోమవారం నాడు మొదలుపెడతారు, 2026లో వాళ్ల ఈస్టర్ ఏప్రిల్ 12.

ఈ లెక్క ముందే చూసుకోమనడానికి కారణం ఉంది. ఆదివారం సడలింపు ఉందా లేదా అన్నది మొదటి రోజే తేల్చుకోకపోతే మొదటి ఆదివారం నాడే ఇంట్లో వాదన మొదలవుతుంది. నా మాటేమిటంటే, వదిలింది తిండి అయితే ఆదివారం తినండి, అది పండుగ రోజు. వదిలింది ఒక అలవాటు అయితే, అంటే ఫోను, మద్యం, ఇతరుల గురించి చెవులు కొరుక్కోవడం లాంటిది అయితే, ఆదివారం కూడా సడలించొద్దు. ఆరు రోజులు ఆగిన అలవాటు ఏడో రోజు తలుపు తెరిస్తే సోమవారం మూయడం మహా కష్టం.

అసలు పని విభూది బుధవారానికి పది రోజుల ముందే మొదలవ్వాలి. కాఫీ, టీ మానేద్దామనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల లోపు తలనొప్పి మొదలై, మొదటి రెండు రోజుల్లో బాగా ముదిరి, కొందరికి వారం పైన ఉంటుంది. విభూది బుధవారం నాడే ఉపవాసమూ ఉండి, కాఫీ కూడా ఆపేస్తే సాయంత్రానికి తల పగిలిపోతుంది. "నాకు ఉపవాసం పడదు" అని చాలామంది తేల్చేసేది అక్కడే. నిజానికి పడనిది ఉపవాసం కాదు, కెఫీన్ ఆగిపోవడం. రోజుకు నాలుగు కప్పులు తాగేవాళ్లు రెండు మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించుకుంటూ వస్తే బుధవారం ఇబ్బంది లేకుండా గడుస్తుంది.

ఆ పది రోజుల్లోనే ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోవాలి. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు మూడు సంగతులు చెబుతాడు, ఆ వరుస గమనించండి: ముందు దానం, తర్వాత ప్రార్థన, చివర ఉపవాసం. మనం తిరగేసి పట్టుకుంటాం. ఉపవాసం గురించి బోలెడు ఆలోచిస్తాం, దానం సంగతి గుడ్ ఫ్రైడే నాడు గుర్తొస్తుంది. అందుకే మొదటి వాక్యం దానం గురించే రాయాలి. ప్రతి వాక్యంలోనూ ఎప్పుడు, ఎంత, ఎక్కడ అన్నవి ఉండాలి. "ఎక్కువగా ప్రార్థిస్తాను" అని రాస్తే లాభం లేదు, చేశామో లేదో రాత్రికి చెప్పలేం. "రాత్రి భోజనం అయ్యాక ఫోన్ వేరే గదిలో పెట్టి, 20 నిమిషాలు సువార్త చదివి, 10 నిమిషాలు ఊరికే కూర్చుంటాను" అని రాస్తే చేశామో లేదో తెలుస్తుంది. ఇందులో ఒకటి వదలడం ఉంది, దాని స్థానంలో ఇంకొకటి పెట్టడమూ ఉంది. వదలడం మాత్రమే ఉన్న తీర్మానాలు నిలబడవు. ఖాళీ అయిన అరగంటలో మనసు వదిలినదాని చుట్టూనే తిరుగుతుంది.

మూడు వాక్యాలకు మించొద్దు. తీపి, మాంసం, టీవీ, కాఫీ, కోపం అన్నీ ఒకేసారి వదిలేస్తానని మొదలుపెట్టినవాళ్లకు రెండో వారం చివర ఏదీ మిగలదు. ఇంకో చిక్కు, బరువు తగ్గడం కూడా కలిసొస్తుందిలే అనుకోవడం. తగ్గితే తగ్గనివ్వండి గానీ, అది లెక్కలోకి వచ్చిందంటే దేవుని ముందు ఉండాల్సిన మనిషి తూకం మిషను ముందు ఉంటాడు.

ఇక ఉపవాసం. కతోలిక సంఘంలో ఉపవాసం, మాంసాహార వర్జనం రెండూ వేర్వేరు నియమాలు. ఈ రెండింటినీ కలిపేసి తికమక పడేవాళ్లే ఎక్కువ. ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు రెండే: విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 ఏళ్లు నిండేదాకా వర్తిస్తుంది. రోజుకు ఒక పూర్తి భోజనం, అదికాక రెండుసార్లు కొద్దిగా తినొచ్చు. ఆ రెండూ కలిపినా పూర్తి భోజనమంత కాకూడదు, మధ్యలో చిరుతిళ్లు ఉండవు. నీళ్లు, మందులు ఉపవాసాన్ని చెడగొట్టవు. మాంసం మానడం 14 ఏళ్లు నిండినవాళ్లందరికీ, ఆ రెండు రోజులతోపాటు శుక్రవారాల్లోనూ. చేపలు, గుడ్లు, పాలు ఇప్పుడు నిషిద్ధం కావు, పూర్వం గుడ్లూ పాలూ కూడా మానేవాళ్లు. శుక్రవారపు నియమానికి బదులుగా వేరే తపఃక్రియ పెట్టే అధికారం ఆయా దేశాల మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్యకు ఉంది కాబట్టి మీ విచారణలో, అంటే మీ గుడి పరిధిలో ఉన్న గురువును అడగడం మంచిది. శుక్రవారం నాడు మహోత్సవం, అంటే సంఘంలో అన్నిటికన్నా పెద్ద స్థాయి పండుగ పడితే మాంసం మానే నియమం ఉండదు. 2027లో మార్చి 19, పునీత జోజప్పగారి మహోత్సవం, శుక్రవారమే.

నియమం చిన్నదే, చెడేది దాన్ని పాటించే తీరులో. ముందురోజు రాత్రి "రేపు ఉపవాసం కదా" అని రెండింతలు తినడం మొదటి పొరపాటు. అలా తిన్నాక మర్నాడు ఉదయం ఆకలి మామూలుకన్నా ఎక్కువగానే వేస్తుంది. రెండోది, పూర్తి భోజనాన్ని రాత్రికి వాయిదా వేయడం. రోజంతా ఆగిన మనిషి రాత్రి కొలత మర్చిపోతాడు. పూర్తి భోజనం మధ్యాహ్నం పెట్టుకుని, ఉదయం, సాయంత్రం కొద్దిగా తినడం నాకు కుదిరిన పద్ధతి. మూడోది పళ్లరసాలు. పొద్దున్నుంచి గ్లాసు తర్వాత గ్లాసు తాగుతూ ఉపవాసం ఉన్నానంటే చట్టం ఏమన్నా కడుపుకు మాత్రం తెలుస్తుంది.

నాలుగోది అందరికీ తెలిసినా ఎవరూ చెప్పరు: చిరాకు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య ఇంట్లోవాళ్ల మీద, కింద పనిచేసేవాళ్ల మీద గొంతు లేస్తుంది. యెషయా 58వ అధ్యాయం 4వ వచనం సరిగ్గా దీన్నే పట్టుకుంటుంది, మీ ఉపవాసం జగడానికీ కలహానికీ దారితీస్తోందని. విభూది బుధవారం తర్వాతి శుక్రవారం పూజలో (మాస్) ఆ అధ్యాయమే చదువుతారు. ఆ గంటలో కష్టమైన మాటలు, డబ్బు లెక్కలు, పిల్లల మార్కుల ప్రస్తావన పెట్టుకోకపోవడం ఒక్కటే నాకు తెలిసిన మందు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, జబ్బుతో ఉన్నవాళ్లు, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు ఉపవాసం ఉండాల్సిన పనిలేదు. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడకుండా వాళ్లు ముట్టుకోవాల్సిన విషయం కాదిది. తిండికి సంబంధించిన మానసిక రుగ్మత నుంచి కోలుకుంటున్నవాళ్లు కూడా తిండి జోలికి పోకుండా వేరేది ఎంచుకోవాలి. ఇది రాయితీ అని చిన్నబోవడం అనవసరం.

విభూది బుధవారం పూజ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పోయిన ఏడాది మట్టల ఆదివారం నాటి మట్టలు కాల్చిన బూడిదతో గురువు నుదుట గుర్తు వేస్తూ, నీవు మట్టివి, మట్టిలో కలుస్తావని గానీ, మారుమనసు పొంది సువార్తను నమ్మమని గానీ అంటాడు. ఇది జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు కాబట్టి జ్ఞానస్నానం పొందనివాళ్లు కూడా తీసుకోవచ్చు. ఆ బొట్టు కడగాలా, ఉంచాలా అని ఏటా అడుగుతారు. నియమమేమీ లేదు. ఆ రోజు చదివే సువార్త మాత్రం ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కోమనే చెబుతుంది, తమాషా.

ప్రార్థన విషయంలో చాలామంది బైబిలు మొత్తం పట్టుకుంటారు. నాలుగు సువార్తలే 89 అధ్యాయాలు, 46 రోజులకు రోజుకు దాదాపు రెండు. లెక్కకు తేలికే గానీ ఒక్క రోజు తప్పితే బాకీ పెరుగుతుంది, తర్వాత చదవడం బాకీ తీర్చడమే అవుతుంది. మార్కు సువార్త ఒక్కటి చాలు, 16 అధ్యాయాలు. రెండు రోజులకొక అధ్యాయం చొప్పున చదివితే అయిదో వారానికి అయిపోతుంది. అక్కణ్నుంచి శ్రమల కథనాలు: మత్తయి 26, 27, లూకా 22, 23, యోహాను 18, 19. దీనికి తోడు పశ్చాత్తాప కీర్తనలు ఏడున్నాయి: 6, 32, 38, 51, 102, 130, 143. రోజుకొకటి చొప్పున వారానికి సరిపోతాయి. 51వ కీర్తన కంఠస్థం చేయదలిస్తే 19 వచనాలు. రెండు రోజులకొక వచనం పట్టుకుంటే 38 రోజుల్లో నోటికి వస్తుంది, పవిత్ర వారంలో పుస్తకం అక్కర్లేదు.

ఆదివారం సువార్తలను ముందురోజే చదువుకుని వెళ్లడం వల్ల లాభం ఎక్కువ. మొదటి ఆదివారం ఎడారిలో శోధన, రెండో ఆదివారం కొండ మీద రూపాంతరం, ఇవి ఏటా తప్పవు. ఆదివారం పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగివస్తాయి; 2026 లాంటి 'ఎ' సంవత్సరంలో, అంటే ఆ మూడింటిలో మొదటిదానిలో, మూడో ఆదివారం బావి దగ్గర సమరయ స్త్రీ, నాలుగో ఆదివారం పుట్టు గుడ్డివాడు, అయిదో ఆదివారం లాజరు. మూడూ యోహాను నుంచే, మూడూ పొడవైనవే. నీళ్లు, వెలుగు, ప్రాణం అనే ఆ వరుస పాస్కా రాత్రి, అంటే ఈస్టర్ ముందు శనివారం రాత్రి జాగరణలో జ్ఞానస్నానం పొందబోయేవాళ్ల కోసం కూర్చింది. తపస్సుకాలం రూపుదిద్దుకున్నది చాలావరకు వాళ్ల తయారీ చుట్టూనే. అదివరకే జ్ఞానస్నానం పొందినవాళ్లకు కూడా ఆ రాత్రి చేతిలో కొవ్వొత్తి ఇచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు: సైతానును విడనాడుతున్నారా, తండ్రి దేవుణ్ని విశ్వసిస్తున్నారా అని. పరీక్ష రోజు ఏమడుగుతారో ముందే తెలిసిన విద్యార్థి ఆ ప్రశ్నల చుట్టూనే చదువుతాడు. మనం కూడా ఆ ప్రమాణాలను మొదటి వారంలోనే ఒకసారి తీసి చదువుకోవాలి. నేను దేన్ని విడనాడుతున్నానో పేరు పెట్టి చెప్పగలనా? కాగితం మీది మూడు వాక్యాలకు దీనితో సంబంధం లేకపోతే వాటిని మార్చుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.

సిలువ మార్గం అంటే ప్రభువు శ్రమలను వరుసగా ధ్యానించే 14 స్థలాలు, గుంపుగా చేస్తే సుమారు అరగంట. మూడో, ఏడో, తొమ్మిదో స్థలాల్లో ప్రభువు పడిపోతాడు. ఇక్కడ చెడేది వేగం. ఒక స్థలం దగ్గర చదవడం అయ్యీ అవకముందే పాట అందుకుంటారు, మధ్యలో ఉండాల్సిన మౌనం ఎగిరిపోతుంది. తొమ్మిదో స్థలం వచ్చేసరికి మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ మనసులో ఉండదు. ఇంట్లో ఒంటరిగా చేసేవాళ్లకు ఒక వీలుంది. విభూది బుధవారం తర్వాతి శుక్రవారం నుంచి గుడ్ ఫ్రైడే దాకా సరిగ్గా 7 శుక్రవారాలు. శుక్రవారానికి రెండు స్థలాల చొప్పున తీసుకుంటే 14 పూర్తవుతాయి, ఒక్కోదాని దగ్గర పది నిమిషాలు కదలకుండా ఉండొచ్చు. మొదటి శుక్రవారం మరణశిక్ష, సిలువ మోయడం. గుడ్ ఫ్రైడే నాడు సిలువ నుంచి దించడం, సమాధి.

మూడో వారంలో జారతాం. మొదటి ఊపు అయిపోయి ఉంటుంది, ఈస్టర్ ఇంకా కనుచూపు మేరలో ఉండదు. ఒక రోజు తప్పిపోతుంది, "ఇంక ఈ ఏడాదికి ఇంతేలే" అనిపిస్తుంది. తప్పిన రోజుకు శిక్షగా మర్నాడు రెట్టింపు చేయొద్దు, అది మూడో రోజు మళ్లీ పడేస్తుంది. మర్నాడు మామూలు కొలతే. వారంలో మూడు నాలుగు రోజులు తప్పుతున్నాయంటే లోపం తీర్మానంలో ఉంది, సగానికి కోయండి. 30 నిమిషాలు 15 చేయండి. నాలుగో ఆదివారం దీనికి అనువైన రోజు. ఆ రోజు గురువు ఊదా బదులు గులాబీ రంగు వస్త్రాలు వేసుకోవచ్చు, పీఠం మీద పూలు పెట్టొచ్చు, వాద్యాలు మోగొచ్చు. సంఘమే కొంచెం ఊపిరి పీల్చుకునే రోజున మనం కాగితం తీసి దిద్దుకోవడంలో తప్పేముంది? అల్లెలూయ మాత్రం ఆ రోజు కూడా ఉండదు, పాస్కా జాగరణ దాకా వినిపించదు.

పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, నాలుగో వారం లోపలే ముగించుకోండి. పవిత్ర వారంలో వరుసలు పొడవు, గురువు అలసిపోయి ఉంటారు, మనకూ తొందర. ముందురోజు రాత్రి పది ఆజ్ఞలు పక్కన పెట్టుకుని ఓ 20 నిమిషాలు కూర్చుంటే చాలు. చావైన పాపాలైతే, అంటే ఘోరమైనవైతే, ఏ రకమైనవో, గుర్తున్నంతలో ఎన్నిసార్లో చెప్పాలి. ఎక్కువసేపు పట్టేది పాపాలు చెప్పడానికి కాదు, వాటి వెనక కథ చెప్పడానికి, అందులోనూ అత్తగారో, తమ్ముడో, పై అధికారో ఏం చేశారో చెప్పడానికి. వాళ్ల పాపాలు వాళ్లు చెప్పుకుంటారు. గురువు ఇచ్చిన ప్రాయశ్చిత్తం గుడి దాటకముందే చేసేయండి, ఇంటికి వెళ్తే మరుపు వస్తుంది.

దానానికి మూతకు చీలిక ఉన్న డబ్బా ఒకటి చాలు. మానేసిన కప్పు, మానేసిన భోజనం ఖర్చు ఆ రోజు రాత్రే అందులో పడాలి. నెల చివర లెక్కవేసి వేద్దామంటే ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. ఎవరికి ఇవ్వాలో కూడా మొదటి వారంలోనే నిర్ణయించుకోవాలి. పవిత్ర గురువారం సాయంత్రపు పూజలో రొట్టె, ద్రాక్షారసంతోపాటు పేదలకోసం కానుకలు తెచ్చే ఏర్పాటు ఆరాధనలోనే ఉంది. డబ్బా విప్పాల్సిన రోజు అదే.

ఆరాధన క్రమంలో ఆ గురువారం సాయంత్రం పూజతో తపస్సుకాలం ముగిసి పాస్కా త్రిదినాలు మొదలవుతాయి. "మహోన్నతమున" పాడుతుండగా గంటలు మోగి ఆగిపోతాయి, మళ్లీ శనివారం రాత్రిదాకా మోగవు. పాదాలు కడిగే ఘట్టం, ప్రసాదాన్ని (పూజలో పవిత్రపరచిన రొట్టెను) వేరే పీఠానికి తీసుకెళ్లడం అయ్యాక పీఠం మీది బట్టలన్నీ తీసేస్తారు. గుడ్ ఫ్రైడే నాడు పూజ ఉండదు. గురువు మౌనంగా వచ్చి పీఠం ముందు నేలమీద సాష్టాంగపడతాడు, పాట లేదు, పలకరింపు లేదు. యోహాను శ్రమల కథనం, పది విజ్ఞాపనలు, సిలువ ఆరాధన, ముందురోజు దాచిన ప్రసాదం. రెండు గంటలు పట్టొచ్చు. ఉపవాసంతో నిలబడలేనివాళ్లు కూర్చోవాలి, కళ్లు తిరిగి పడిపోయాక కూర్చోబెట్టడం కన్నా అది నయం.

శనివారం పగలు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడాన్ని వంటలతోనూ బజారు పనులతోనూ నింపేయడం మామూలు. నేనైతే పండుగ పనులన్నీ బుధవారానికే ముగించుకోమంటాను. మధ్యాహ్నం ఒక గంట పడుకోండి, పొద్దుగూకే వేళ తేలికగా తినండి. ప్రసాదం తీసుకోవడానికి ముందు ఒక గంట తిండి లేకుంటే సరిపోతుంది.

జాగరణ చీకటి పడ్డాకే మొదలవ్వాలి. ఆరుబయట నిప్పు వేస్తారు. గురువు పెద్ద పాస్కా కొవ్వొత్తి మీద సిలువ గీసి, పైన అల్ఫా, కింద ఒమేగా, నాలుగు మూలల్లో ఆ సంవత్సరపు నాలుగు అంకెలు చెక్కి, అయిదు గాయాలకు గుర్తుగా అయిదు సాంబ్రాణి గింజలు గుచ్చుతాడు. దీపాలన్నీ ఆర్పిన గుడిలోకి ఆ ఒక్క వత్తి ముందు నడుస్తుంది. దాని నుంచి మీ చేతి వత్తి వెలిగించుకునేటప్పుడు వెలుగుతున్నదాన్ని నిటారుగా ఉంచి, వెలగనిదాన్నే వంచండి, లేకపోతే మైనం పక్కవాళ్ల చేతి మీద కారుతుంది. తర్వాత పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు, కొత్త నిబంధన నుంచి రెండు. తగ్గించినా పాత నిబంధన పఠనాలు మూడుకు తగ్గవు, ఎర్ర సముద్రం దాటిన నిర్గమకాండం 14 అస్సలు వదలరు. అన్నీ చదివి, జ్ఞానస్నానాలు కూడా ఉంటే మూడు గంటలు పడుతుంది. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు తలుపు దగ్గరి బల్ల చూసుకోవాలి.

ఈస్టర్ ఉదయం పొట్ట సంగతి చూసుకోండి. ఇన్ని వారాలు మాంసమూ నూనె పదార్థాలూ మానినవాళ్లు ఒక్క పూటలో అన్నీ తింటే మధ్యాహ్నానికి మంచం ఎక్కుతారు. కాఫీ కూడా ఒక్క కప్పుతో మొదలుపెట్టాలి, పాత నాలుగు కప్పులు అదే రోజు తాగితే రాత్రి నిద్ర ఉండదు. ఈస్టర్ ఒక్క రోజు కాదు, పెంతెకోస్తు దాకా 50 రోజుల పండుగ, తపస్సుకాలం కన్నా పొడవు. వదిలిన తిండిని నిస్సంకోచంగా తినండి. దాని స్థానంలో పెట్టిన 20 నిమిషాల సువార్తను మాత్రం ఉంచుకోవచ్చు. మార్కు అయిపోయింది కాబట్టి ఈ 50 రోజులకు అపొస్తలుల కార్యాలు తీసుకోండి, 28 అధ్యాయాలు. ఈ కాలంలో పూజలో చదివేదీ అదే.